బోరు చేయించిన జీపు ఎందుకు మరుగుతోంది? ఆటోనగర్ నుంచి రివ్యూ

నమస్కారం అండీ. వెనకాల సుత్తి మోతలు వినిపిస్తున్నాయి కదా, విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నాం మరి, ఆపమని ఎవరికి చెప్తాం! ఈ రోజు బండి ఇదిగో. నాకు బాబాయ్ వరసయ్యే ఆయనది. "1944 మోడల్, యుద్ధంలో తిరిగిన విల్లీస్" అని పదేళ్లుగా చెప్తున్నారు. విల్లీస్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన జీపు. బానెట్ మీద ఆ సైన్యం గుర్తు, తెల్ల నక్షత్రం కూడా వేయించారు. ఆర్‌సీ బుక్కులో మహీంద్రా అని ఉంటే, "తర్వాత ఎవరో రాయించి ఉంటారు రా" అంటారు.

కెమెరా కొంచెం కిందకి... ఆ. గ్రిల్ సందులు లెక్కపెట్టండి. ఏడు. యుద్ధం నాటి విల్లీస్ ఎంబీకి తొమ్మిది ఉంటాయి, హెడ్‌లైట్లు గ్రిల్ వెనక్కి ఉంటాయి. వెనక డాల కిందకి దిగుతోంది చూశారా? ఎంబీకి అది లేదు. టేపు పెట్టి కొలిస్తే మాత్రం మోసపోతారు, ఎందుకంటే వీల్‌బేస్, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, రెండిటికీ 80 అంగుళాలే.

అయినా గ్రిల్, బాడీ ఇక్కడ ఒక్క పూటలో మార్చేస్తారండీ. నేను నమ్మేది ఇంజన్నే. బానెట్ ఎత్తితే హెడ్ మీద వాల్వ్ కవర్ ఉంది. ఎంబీ ఇంజన్‌కి హెడ్ పైన బల్లపరుపుగా ఉంటుంది, వాల్వులన్నీ బ్లాకులోనే. దీనికి ఇన్‌టేక్ వాల్వులు హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో. ఎఫ్-హెడ్ అంటారు. ఇంజన్ ఎత్తు పెరిగింది కాబట్టే బానెట్ కూడా లేపాల్సి వచ్చింది. అదే సీజే3బీ, విల్లీస్ వాళ్లదే, 1953లో వచ్చిన మోడల్. అమెరికాలో 1968లో ఆపేసినా మన మహీంద్రా వాళ్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు చేశారు. పెట్రోల్ ఇంజన్ ఇంకా ఉండటమే గొప్ప. మన వైపు చాలా జీపుల్లో ఎప్పుడో డీజిల్ ఎక్కించేశారు.

ఇంతకీ పేరు తెలిస్తే ఒరిగేదేంటి అంటారా? ఇంజన్ బోరుకొచ్చిందని, అంటే సిలిండర్లు అరిగి లోపల చెక్కించాల్సి వచ్చిందని, దించినప్పుడు బాబాయ్ ఎంబీ గాస్కెట్ సెట్ (అతుకుల మధ్య పెట్టే సీళ్లు) తెప్పించారు. హెడ్ గాస్కెట్ కూర్చోలేదు. డబ్బులు పోయాయి, పదిహేను రోజులు బండి స్టాండ్ల మీదే.

సరే, అసలు గొడవ. బోరు చేశారు, పిస్టన్లు, రింగులు కొత్తవి. స్టార్ట్ అయింది. కొండపల్లి ఖిల్లా రోడ్డు ఎక్కుతుంటే సగంలో నీళ్లు మరిగాయి, బండికి లాగుడే లేదు. ఇంజన్ కట్టిన చోటికి తీసుకెళ్తే రేడియేటర్ అన్నారు. మార్పించారు. మళ్లీ అంతే. థర్మోస్టాట్ అన్నారు. అదీ అయింది. రాత్రిపూట చూస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టం, ఎర్రగా కనపడుతోందట. ఆ ఒక్క మాట విన్నాక నేను రేడియేటర్ వైపు చూడలేదు. స్పార్క్ ఆలస్యంగా పడితే మంట పిస్టన్‌ని తోయాల్సింది పోయి సైలెన్సర్ దారి పడుతుంది.

చూడండి ఎలా పట్టుకున్నామో. ఒకటో నంబరు ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో కాగితం ఉండ పెట్టి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పాం. టప్‌మని ఎగిరింది. అదే కంప్రెషన్. పుల్లీ మీద గాడికి సుద్ద రాశాను, టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకి, 5 డిగ్రీల ముందు ఆపాను. అక్కడ, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు విడిపోవాలి, అప్పుడే స్పార్క్ పడుతుంది. విడిపోలేదు. డిస్ట్రిబ్యూటర్ తిప్పుదామంటే, ఇదిగో ఈ బోల్టు గాడి చివరికంటా వచ్చేసింది, ఇక జరగదు.

కిటుకు ఏంటంటే, ఈ ఇంజన్లో డిస్ట్రిబ్యూటర్ కొన ఆయిల్ పంపు షాఫ్ట్ గాడిలో కూర్చుంటుంది. పంపు గేరు, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌తో తిరుగుతుంది. పంపు విప్పి బిగించేటప్పుడు ఒక్క పన్ను తేడా వస్తే టైమింగ్ మొత్తం పక్కకి పోతుంది. ఆయిల్ ప్రెషర్ బాగానే వస్తుంది కాబట్టి పంపు మీద ఎవరికీ అనుమానం రాదు! ఊడదీసి, ఒక పన్ను జరిపి కూర్చోబెట్టాం. డిస్ట్రిబ్యూటర్ ఇప్పుడు గాడి మధ్యలోనే ఉంది. పాయింట్ గ్యాప్ 0.020 అంగుళం, టాపెట్ గ్యాప్ (వాల్వు దగ్గర వదిలే సందు) ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.018, ఎగ్జాస్ట్ 0.016. రెండూ ఒకటే అనుకుని కట్టేవాళ్లున్నారు, జాగ్రత్త.

నిన్న అదే ఖిల్లా రోడ్డు, ఎండ మండిపోతుండగా ఎక్కించాం. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది. స్టీరింగ్ లూజు అలాగే ఉంది, బ్రేకు ముందే తొక్కాలి, పిల్లల్ని వెనక కూర్చోబెట్టకండి.

ఒక్కటి మిగిలింది. వెనక మెయిన్ బేరింగ్ సీల్ దగ్గర కారుతోంది. కింద అట్టముక్క చూడండి, పొద్దుట్నుంచి నాలుగు చుక్కలు. దానికి మళ్లీ విప్పాలి. బాబాయ్ పండగ వెళ్లాక చూద్దాం అన్నారు. నక్షత్రం మాత్రం చెరపనన్నారు.