కోర్సులో దొరకని పనితనం తోటివాళ్ల మధ్య ఎలా అబ్బుతుంది?

[తెర మీద: ఖాళీ స్క్రీన్ ముందు కూర్చున్న మనిషి. పక్కన కోర్సు సర్టిఫికెట్.]

నమస్కారం. కోర్సు పూర్తయింది, సర్టిఫికెట్ కూడా చేతికొచ్చింది. తీరా అసలు పని ముందు పెట్టుకుని కూర్చుంటే ఏం చేయాలో పాలుపోదు. ఇది చాలామందికి ఎదురయ్యేదే. పాఠాలన్నీ గుర్తుంటాయి. కానీ ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయొచ్చు, ఎప్పుడు ఆగి ఇంకొకర్ని అడగాలి, ఇవి ఏ పాఠంలోనూ ఉండవు. ఆ పని రోజూ చేసేవాళ్ల మధ్య మసిలితేనే అబ్బుతాయి. ఎలా అబ్బుతాయో చూద్దాం.

[తెర మీద: ప్రపంచ పటంలో పశ్చిమ ఆఫ్రికా. లైబీరియా గుర్తు.]

జీన్ లేవ్ అనే మానవశాస్త్రవేత్త 1970ల్లో లైబీరియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునేవాళ్లను దగ్గరుండి గమనించారు. బట్ట తయారయ్యే వరస మనకు తెలిసిందే. ముందు గుడ్డ కత్తిరించాలి, తర్వాత ముక్కలు కలిపి కుట్టాలి, ఆఖర్న అంచులు మడిచి గుండీలు పెట్టాలి. అక్కడ నేర్చుకునే వరస మాత్రం దీనికి సరిగ్గా తలకిందులు. కొత్తగా చేరినవాళ్లకు ముందు ఇచ్చేది ఆఖరి పని, అంటే గుండీలు, అంచులు. అందులో చెయ్యి తిరిగాక కుట్టు. కత్తెర అన్నిటికంటే చివర.

[తెర మీద: ఒడిలో చొక్కా పెట్టుకుని గుండీ కుడుతున్న చేతులు, బాగా దగ్గరగా.]

ఈ వరసలో ఎంత తెలివి ఉందో చూడండి. గుండీ కుట్టేవాళ్ల ఒడిలో ఉన్నది దాదాపు పూర్తయిన చొక్కా. పని చిన్నదే, కానీ మొత్తం బట్ట ఎలా ఉండాలో రోజంతా కళ్ల ముందే ఉంటుంది. తర్వాత కుట్టుకి వచ్చినప్పుడు ఏ ముక్క ఎక్కడ కలుస్తుందో, దాన్ని ఆ ఆకారంలోనే ఎందుకు కత్తిరించారో అర్థమవుతుంది. గుండీ వంకరగా పడితే విప్పి మళ్లీ కుట్టొచ్చు. గుడ్డ తప్పు కత్తిరిస్తే అంతే సంగతులు.

లేవ్, ఎటియెన్ వెంగర్ అనే మరో పరిశోధకుడు కలిసి 1991లో ఈ పరిశీలనను ఒక సిద్ధాంతంగా రాశారు. ఒక వృత్తి చేసేవాళ్ల సమూహంలోకి అంచు నుంచి ప్రవేశించి, చిన్నదైనా నిజంగా పనికొచ్చే పని చేస్తూ మెల్లగా లోపలికి రావడమే నేర్చుకోవడం అన్నది వాళ్ల వాదన. ఇలా ఒకే పని చేసేవాళ్లు కలిసే కమ్యూనిటీల గురించి మాట్లాడేటప్పుడు పరిచయాలు పెరుగుతాయి అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. నా దృష్టిలో అది రెండో లాభం. మొదటిది ఈ గుండీల పనే. కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో కొత్తవాళ్లు చేయగల చిన్న సమస్యలకు విడిగా గుర్తు పెట్టి ఉంచడం కూడా ఇందుకే.

[తెర మీద: తెరిచి ఉన్న కాపీయర్ మెషిన్. పక్కన మాన్యువల్.]

ఇక రెండో ఉదాహరణ. జూలియన్ ఓర్ అనే మరో మానవశాస్త్రవేత్త 1980ల్లో జిరాక్స్ కంపెనీ కాపీయర్లు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగారు. ఏ ఎర్రర్ కోడ్ వస్తే ఏం చేయాలో మాన్యువల్‌లో మెట్టు మెట్టుగా ఉంది. చిక్కల్లా, మెషిన్లు మాన్యువల్ ఊహించినట్టే పాడవ్వవు. అప్పుడు వాళ్లను గట్టెక్కించినవి భోజనాల దగ్గర ఒకరికొకరు చెప్పుకున్న అనుభవాలు. కోడ్ ఒకటి చూపిస్తే లోపం ఇంకోచోట దొరికిన సంగతులన్నమాట. 1990ల్లో కంపెనీ ఇలాంటి చిట్కాలను యురేకా అనే వ్యవస్థలోకి చేర్చింది. టెక్నీషియన్ రాసిన చిట్కాను తోటి టెక్నీషియన్లే సరిచూసేవాళ్లు. పక్కన రాసినవాళ్ల పేరు ఉండేది.

[తెర మీద: ఒకే ప్రశ్న, రెండు రకాలుగా టైప్ అవుతూ.]

ఇప్పుడు మన సంగతికి వద్దాం. కమ్యూనిటీలో చేరాక అన్నిటికంటే త్వరగా పదునెక్కేది ప్రశ్న అడిగే తీరు. మొదటి రకం ఇలా ఉంటుంది: "నా రిపోర్ట్ రావట్లేదు, ఎవరైనా హెల్ప్ చేయండి." దీనికి ఎవరూ ఏమీ చెప్పలేరు. రెండో రకం చూడండి: "నిన్నటి ఫైల్‌తో రిపోర్ట్ వస్తోంది, ఇవాళ్టి ఫైల్‌తో ఖాళీగా వస్తోంది. కాలమ్ పేర్లు రెండింటిలోనూ ఒకటే. ఇక్కడిదాకా చూశాను." ఇలా రాయాలంటే ముందు మనమే రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూడాలి. చాలాసార్లు రాస్తుండగానే తప్పు దొరికిపోతుంది. దొరక్కపోతే ఎవరో ఒక సీనియర్ అడుగుతారు: "తేదీల్లో మొదట రోజు వస్తోందా, నెల వస్తోందా?" ఆ ఎదురు ప్రశ్నను రాసిపెట్టుకోండి. రిపోర్ట్ బాగవడం ఇవాళ్టి లాభం. చేయితిరిగినవాళ్లు ముందు ఎక్కడ చూస్తారో తెలియడం మాత్రం ఆ తర్వాత ప్రతి ఫైల్‌కీ పనికొస్తుంది.

మన ఆఫీసులో సీనియర్లు ఉన్నారు కదా, బయటివాళ్లెందుకు అంటారా? రోజూ కలిసేవాళ్లకు తెలిసింది చాలావరకు మనకూ తెలుసు. సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెట్టర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్లలో ఆ తెలిసినవాళ్లను తరచూ కలిసేది 16.7 శాతం మందే. మిగతావాళ్లకు దారి చూపింది అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్లు. అది ఉద్యోగాల లెక్క. కానీ కొత్త పద్ధతులు, కొత్త పనిముట్ల సంగతి కూడా అలా దూరం నుంచే చేరుతుందని నా నమ్మకం.

అయితే ప్రతి గుంపూ కమ్యూనిటీ కాదు. చేరేముందు కొన్నాళ్లు ఊరికే చదవండి, వినండి. సీనియర్లు కూడా అక్కడ ప్రశ్నలు అడుగుతున్నారా అన్నది చూడండి. అడుగుతుంటే అక్కడ ఉండొచ్చు. ప్రకటనలు, శుభాకాంక్షలు తప్ప పని గురించి మాటే లేకపోతే, కొత్తవాళ్లు అడిగినప్పుడు వెటకారం చేస్తుంటే, మొహమాటపడకుండా బయటికి వచ్చేయండి.

[తెర మీద: కొవ్వొత్తి వెలుగులో బల్ల చుట్టూ కూర్చున్న మనుషుల రేఖాచిత్రం. 1727.]

సరిపడే కమ్యూనిటీ దొరక్కపోతే మీరే మొదలుపెట్టొచ్చు. 1727లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేసింది అదే. అప్పటికి ఆయన 21 ఏళ్ల ప్రింటర్. జుంటో అనే ఆ క్లబ్‌లో సర్వేయర్, వడ్రంగి, చెప్పులు కుట్టే ఆయన, దస్తావేజులు రాసే ఆయన ఉండేవాళ్లు. ప్రతి శుక్రవారం సాయంత్రం కలిసేవాళ్లు. వంతులవారీగా ప్రతి ఒక్కరూ చర్చకు ప్రశ్నలు తేవాలి, 3 నెలలకోసారి తాను రాసిన వ్యాసం చదవాలి. ఎదుటివాళ్ల మాటను మొహం మీద ఖండిస్తే చిన్న జరిమానా కూడా ఉండేది. ఆ నియమం నాకు ఎంతో ఇష్టం. తప్పు చెప్పినా పరువు పోదన్న ధీమా ఉంటేనే సగంలో ఉన్న పనిని నలుగురికీ చూపించగలం.

[తెర మీద: ముగ్గురు, ఒక బల్ల, తెరిచిన ల్యాప్‌టాప్.]

ముగ్గురు దొరికితే చాలు. ఉపన్యాసాలు వద్దు. వారానికి ఒకరు తాము చేస్తున్న పని తేవాలి, ఎక్కడ ఆగిపోయారో చూపించాలి. మిగతా ఇద్దరూ ముందు ప్రశ్నలు మాత్రమే అడగాలి, సలహాలు తర్వాత. ఏం తేలిందో ఒకరు నోట్స్ రాయాలి. నలుగురిలో నోరు విప్పడానికి జంకేవాళ్లు ముందుగా ఆ నోట్స్ పనే తీసుకోండి. మొదటి వారం ఎవరి పని చూడాలో మాత్రం కలిసేలోపే అనుకోండి.