సీనియర్ రాంగ్లర్ కంటే పైన

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, ఎదురుగా కూర్చున్న అమ్మాయిలందరికీ నమస్కారం.

కేంబ్రిడ్జిలో చదివిన గొప్పవాళ్ల గురించి మాట్లాడమని అడిగారు. సరేనని ఇంటికెళ్లి తెల్లకాగితం తీసుకుని పేర్లు రాయడం మొదలుపెట్టాను. న్యూటన్, డార్విన్, జగదీశ్ చంద్రబోస్, నెహ్రూ, రామానుజన్, మన చిత్తూరు వైపు నుంచి కట్టమంచి రామలింగారెడ్డి గారు. 1209లో పుట్టిన విశ్వవిద్యాలయం కదా, ఒక కాగితం ఏం సరిపోతుంది! కానీ లెక్కల పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నా చెయ్యి ఒక పేరు దగ్గర ఆగిపోయింది. ఫిలిప్పా ఫాసెట్. ఆమె అక్కడ చదివింది. పరీక్ష రాసింది. అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. ఆమెకు పట్టా మాత్రం ఇవ్వలేదు.

ఆ సంగతి కాస్త వివరంగా చెబుతాను.

కేంబ్రిడ్జిలో గణితం ఆనర్స్ పరీక్షను ట్రైపోస్ అంటారు. అందులో మొదటి తరగతి వచ్చినవాళ్లు రాంగ్లర్లు, వాళ్లలో మొదటివాడు సీనియర్ రాంగ్లర్. పెద్దవాళ్లు ‘రాంగ్లర్ పరాంజపే’ అనగా వినే ఉంటారు. పుణె ఫెర్గూసన్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసిన ఆయన, 1899లో ఆ స్థానం అందుకున్న మొదటి భారతీయుడు. ఆ రోజుల్లో సీనియర్ రాంగ్లర్ ఎవరన్నది ఇంగ్లండ్ అంతా పత్రికల్లో చదువుకునేది.

1890 జూన్. విశ్వవిద్యాలయం సభాభవనం సెనేట్ హౌస్‌లో ఫలితాలు చదువుతున్నారు. కింద మగపిల్లలు, పైన గ్యాలరీలో గిర్టన్, న్యూనమ్ అనే మహిళా కాలేజీల అమ్మాయిలు. ముందు మగవాళ్ల జాబితా. సెయింట్ జాన్స్ కాలేజీ విద్యార్థి బెనెట్ సీనియర్ రాంగ్లర్. ఆ పేర్లన్నీ అయ్యాక ఆడవాళ్ల జాబితా ఎత్తుకున్నారు. ఆడపిల్లలకు వరస సంఖ్య విడిగా ఇవ్వరు. మగవాళ్ల జాబితాలో ఎవరికీ ఎవరికీ మధ్య వస్తుందో చెబుతారు, అంతే. పదోవాడికీ పదకొండోవాడికీ మధ్య అన్నట్టు. ఫాసెట్ పేరు చదివి ‘అబవ్’ అన్నారు. పై మాట వినపడక ముందే హాలు హోరెత్తిపోయింది. సీనియర్ రాంగ్లర్ కంటే పైన!

మీరంతా ఆ గ్యాలరీలో ఉన్నారనుకోండి. ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకోవూ?

ఆమె తండ్రి హెన్రీ ఫాసెట్ అంధుడు. అయినా కేంబ్రిడ్జిలోనే అర్థశాస్త్రం ప్రొఫెసర్‌గా, దేశానికి పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా పనిచేశారు. తల్లి మిలిసెంట్ ఆడవాళ్ల ఓటుహక్కు కోసం జీవితమంతా పోరాడిన మనిషి. అంతటి ఇంటి పిల్ల, అంతటి మార్కులు. ఆ ఏడాది పట్టా బెనెట్‌కు ఇచ్చారు, ఫిలిప్పాకు ఇవ్వలేదు. ఆమె పాఠాలు వినడమైనా ఆయా అధ్యాపకులు ఒప్పుకుంటేనే. గిర్టన్ మొదలై అప్పటికి 21 ఏళ్లు. 1881 నుంచి పరీక్ష రాయడానికి ఆడపిల్లలకు నియమం ప్రకారమే అనుమతి ఉంది. పరీక్ష ఒకటే, ప్రశ్నపత్రం ఒకటే. స్నాతకోత్సవం దగ్గరికి వచ్చేసరికి తలుపు మూసేశారు.

ఇదేదో ఒకరిద్దరు పెద్దమనుషుల మొండితనం అనుకోకండి. 1897లో ఓటింగ్ పెట్టారు. ఆడవాళ్లకు పట్టా ఇద్దామా వద్దా అని. అక్కడ ఎం.ఏ. పట్టా ఉన్నవాళ్లందరికీ ఓటు. లండన్ నుంచి ప్రత్యేక రైళ్లు వేస్తే దిగి మరీ వచ్చి ఓటు వేశారు. ఇద్దామన్నవాళ్లు 700 మంది కూడా లేరు, వద్దన్నవాళ్లు 1,700 దాటారు. సెనేట్ హౌస్ ఎదురుగా, సైకిల్ ఎక్కిన ఆడమనిషి బొమ్మను తాడుకు వేలాడదీశారు. ఫలితం రాగానే దాన్ని కిందికి లాగి చీల్చి, ఆ ముక్కలు తీసుకెళ్లి న్యూనమ్ గేటు దగ్గర పడేశారు. 1921లో మళ్లీ ఓటింగ్, మళ్లీ అదే తీర్పు. ఈసారి కుర్రాళ్లు తోపుడుబండితో గుద్ది న్యూనమ్ కంచు గేట్లు విరగ్గొట్టారు. ఆ గేట్లు ఎవరి జ్ఞాపకార్థం పెట్టినవో తెలుసా? ఆ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ ఆన్ క్లఫ్ గారివి.

ఆ రెండో ఓటింగ్ తర్వాత ‘పేరుకు పట్టా’ ఒకటి ఇచ్చారు. పేరు పక్కన రాసుకోవచ్చు. విశ్వవిద్యాలయంలో సభ్యత్వం లేదు, ఓటు లేదు.

సెసిలియా పేన్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1919లో న్యూనమ్‌లో చేరింది. గ్రహణం నాడు నక్షత్రకాంతి వంగడం గురించి ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ ఇచ్చిన ఉపన్యాసం విని, గదికి వచ్చి మాట పొల్లుపోకుండా మొత్తం కాగితం మీద పెట్టింది. భౌతికశాస్త్రం క్లాసులో ఆడపిల్లలు ముందు వరసలోనే కూర్చోవాలి. రూథర్‌ఫర్డ్ రోజూ ఆమె వైపే చూస్తూ, పెద్ద గొంతుతో ‘లేడీస్ అండ్ జెంటిల్‌మెన్’ అని పాఠం మొదలుపెట్టేవాడు. వెనక మగపిల్లలంతా చప్పట్లు కొట్టి, కాళ్లతో నేల దడదడలాడించేవాళ్లు. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించేదని ఆ తర్వాత ఆమే రాసుకుంది. అంత గొప్ప శాస్త్రవేత్త, అణువు గుండెను చూసిన మనిషి, ఎదురుగా ఉన్న పిల్ల మొహం చూడలేకపోయాడే అని నాకు ఇప్పటికీ బాధ.

ఆ పిల్ల ఇంగ్లండ్‌లో తనకు దారి లేదని తెలుసుకుని 1923లో అమెరికా వెళ్లింది. మన మేఘనాథ్ సాహా కనిపెట్టిన అయనీకరణ సమీకరణం చేతపట్టుకుని, నక్షత్రాల కాంతిని లెక్కగట్టి, 1925 నాటి థీసిస్‌లో తేల్చిందేమిటంటే, నక్షత్రాలు ప్రధానంగా హైడ్రోజన్, హీలియంతో తయారయ్యాయని. పెద్ద ఖగోళ శాస్త్రవేత్త రసెల్ అది కుదరదన్నాడు. ఆయన మాట మీద ఆమె తన ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని థీసిస్‌లోనే రాయాల్సి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత రసెల్ వేరే దారిలో లెక్క చేసుకుని, ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకున్నాడు. రోజూ పొద్దున్నే మనం నమస్కారం పెట్టే సూర్యుడు దేనితో తయారైందో మొదట చెప్పింది కేంబ్రిడ్జిలో ముందు వరసలో తల వంచుకు కూర్చున్న ఆ అమ్మాయే.

డొరొతీ గారడ్ సంగతి ఇంకా విడ్డూరం. 1939లో ఆమెను పురావస్తు శాస్త్రానికి ప్రొఫెసర్‌గా ఎన్నుకున్నారు. కేంబ్రిడ్జిలో ప్రొఫెసర్ పదవి ఎక్కిన మొదటి స్త్రీ. అయినా విశ్వవిద్యాలయ వ్యవహారాల్లో ఓటు లేదు! డి.ఎన్.ఏ. ఫొటో పేరు చెప్పగానే గుర్తొచ్చే రోజలిండ్ ఫ్రాంక్లిన్ కూడా 1941లో న్యూనమ్‌లో చదువు పూర్తిచేసింది. ఆమెకు అప్పుడు దక్కిందీ ఆ పేరుకు పట్టానే.

ఇక్కడ రామానుజన్ గుర్తొస్తాడు. మనవైపు ఎఫ్.ఏ., అంటే ఇప్పటి ఇంటర్ లాంటి పరీక్ష తప్పి, 1914లో కేంబ్రిడ్జి చేరిన మనిషి. పరిశోధన చూసి రెండేళ్లకే, 1916లో బి.ఏ. ఇచ్చారు. ఇచ్చినందుకు మనసారా సంతోషిస్తాను. ప్రతిభ కనిపిస్తే నియమాలు సడలించగల చోటు అది. మరి ఆ సడలింపు పక్కనే ఉన్న న్యూనమ్ దాకా ఎందుకు రాలేదని అడిగే హక్కు మనకుంది.

మన ఇంటి సంగతీ ఒకటి చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. రామలింగారెడ్డి గారు చదివింది బెనెట్, పరాంజపే చదివిన సెయింట్ జాన్స్‌లోనే. ఆయన 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ పరిషత్తుకే 1930ల్లో దుర్గాబాయి గారు చదువుకుంటానని వెళితే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు, చేర్చుకోవడం కుదరదన్నారు. ఆవిడ వెనక్కి తిరిగి రాలేదు. పత్రికలో ప్రకటన వేసి, తనలాగే ఆగిపోయిన అమ్మాయిలను కూడగట్టి, హాస్టల్ తామే పెట్టుకుని చేరారు. రాజనీతి శాస్త్రం చదివిన ఆ రాజమండ్రి ఆడపడుచు పదేళ్లు తిరగకుండా రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

కేంబ్రిడ్జి చివరికి 1948లో తలుపు తెరిచింది. ఆ నిర్ణయానికి రాజముద్ర పడ్డ నెల రోజులకు, జూన్ 10న, ఫిలిప్పా ఫాసెట్ 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మధ్యలో ఆమె ఏం చేశారంటారా? న్యూనమ్‌లో పదేళ్లు లెక్కలు చెప్పారు, దక్షిణాఫ్రికా వెళ్లి బడులు పెట్టించారు, తర్వాత దాదాపు 30 ఏళ్లు లండన్‌లో పిల్లల బడుల పనిలోనే గడిపారు. మీ వరండాలో నల్లబోర్డు మీద పసుపు పెయింటుతో రాసిన ఫస్ట్ ర్యాంకుల పేర్లు ఇందాక వస్తూ చదివాను. 1994 వరస దగ్గర రెండు పేర్లు పెచ్చులూడిపోయాయి. ప్రిన్సిపాల్ గారూ, వాటిని మళ్లీ రాయించండి.

1998 జులైలో, తలుపు తెరిచి యాభై ఏళ్లయిన సందర్భంగా, 1948కి ముందు చదివిన ఆడవాళ్లను కేంబ్రిడ్జి పిలిచింది. 900 మందికి పైగా వచ్చారు. అందరూ డెబ్బై దాటినవాళ్లే. చిన్నప్పుడు తమకు దక్కని ఆ ఊరేగింపులో నడుచుకుంటూ, సెనేట్ హౌస్ లోపలికి వెళ్లారు.