సాక్సోఫోన్ సాధన: రీడ్ దగ్గర మొదలై గమకం దాకా

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువమంది చేతిలో ఉన్నది ఆల్టో సాక్సోఫోన్, వాయించాలనుకుంటున్నది కర్ణాటక సంగీతం. కాబట్టి ఆ రెండింటి గురించే మాట్లాడతాను. జంట స్వరాలు మూడు కాలాల్లో గడగడా వాయించేవాళ్లు కూడా తోడి రాగంలో ఊపుతూ పలికించాల్సిన గాంధారం (గ) దగ్గరికొచ్చేసరికి తడబడతారు. లోపం వేళ్లలో ఉందనుకుని మళ్లీ వేళ్లకే పని చెబుతారు. కానీ అసలు లోపం చాలావరకు పెదవిలోనూ ఊపిరిలోనూ ఉంటుంది.

ముందు శ్రుతి సంగతి తేల్చుకుందాం. సి, డి, ఇ అనేవి పాశ్చాత్య స్వరాల పేర్లు; ఒకటి, రెండున్నర లాంటివి మన ఆధార షడ్జమం (స) ఎత్తును చెప్పే శ్రుతి అంకెలు. ఆల్టో ఇ-ఫ్లాట్ వాయిద్యం. మీరు సి పట్టి ఊదితే వినిపించేది ఇ-ఫ్లాట్, అంటే రెండున్నర శ్రుతి. శ్రుతిపెట్టె ఒకటిలో పెట్టుకుని ఇక్కడ సి ని షడ్జమం అనుకుంటే ఎంతసేపు ఊదినా కలవదు. ఒకటి శ్రుతికి షడ్జమం ఎ దగ్గర, ఒకటిన్నరకు బి-ఫ్లాట్ దగ్గర, ఐదున్నరకు ఎఫ్ దగ్గర వస్తుంది. కొత్తవాళ్లు జి ని షడ్జమంగా పెట్టుకోవడం మేలు. అది ఆరున్నర శ్రుతి. కింది సి నుంచి మొదలుపెడితే, తొలి పాఠాలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో షడ్జమానికి కుడి చిటికెన వేలు, రిషభానికి ఎడమ చిటికెన వేలు కావాలి. మొదటి రోజే అంత కష్టం అక్కర్లేదు.

జి నుంచి వాయించినా ఒక చిక్కు తప్పదు. మధ్యమం, అంటే సి, ఎడమచేతి మధ్యవేలు ఒక్కటే నొక్కితే పలుకుతుంది. దాని పక్కనే ఉన్న పంచమానికి, అంటే డి కి, ఆరు వేళ్లూ మూసి బొటనవేలితో స్థాయి పెంచే ఆక్టేవ్ కీ కూడా నొక్కాలి. ఒక్క వేలు ఆలస్యమైనా మధ్యలో దొంగస్వరం పలుకుతుంది. సరళీ స్వరాలు మొత్తం వందసార్లు వాయించినా ఇది బాగుపడదు. మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి, స్వరానికి రెండు దెబ్బలు చొప్పున మ-ప-మ-ప ఒక్కటే వాయించండి. వేళ్లు కీల మీది నుంచి లేవకూడదు. పైగా ఈ డి సహజంగానే కాస్త హెచ్చుగా, బిగుసుకున్నట్టు పలుకుతుంది. నోటి లోపల "ఓ" అన్నంత చోటు ఇస్తే దారికొస్తుంది.

ఇక రీడ్, అంటే నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్‌కు బిగించే, ఊదితే కంపించే పలుచని పలక. నంబరు పెరిగేకొద్దీ అది గట్టిదవుతుంది. నేర్చుకునేవాళ్లకు 2 లేదా 2½ నంబరు చాలు. గట్టి రీడ్ వాడితేనే పెద్ద విద్వాంసుడు అన్న భ్రమ ఎక్కడ పుట్టిందో గానీ, దానివల్ల చాలామంది దవడలు నొప్పెట్టాయి. నాదంలో గాలి శబ్దం ఎక్కువగా ఉంటే రీడ్ మీకు గట్టిదైనట్టు. తారస్థాయిలో స్వరం కిందికి జారుతూ, గట్టిగా ఊదితే మూసుకుపోతుంటే మెత్తదైనట్టు. బిగించే ముందు నిమిషం పాటు తడపండి. రీడ్ కొన మౌత్‌పీస్ కొనతో సమంగా ఉండాలి, లేదా వెంట్రుకవాసి కిందికి ఉండాలి. ఒక్క రీడే అరిగేదాకా వాడకుండా మూడు నాలుగు మార్చి మార్చి వాడండి. వాయించడం అయ్యాక మౌత్‌పీస్‌కే వదిలేస్తే కొన అలలుగా వంకర్లు పోతుంది.

మౌత్‌పీస్ ఎంత లోపలికి పెట్టుకోవాలి? రీడ్‌కీ మౌత్‌పీస్‌కీ మధ్య ఒక పలుచని కాగితం జొనపండి. అది ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. కింది పెదవి ఆ గీత దగ్గర ఉండాలి. అంతకన్నా కొన వైపు ఉంటే నాదం ముక్కుతో పాడినట్టు ఉంటుంది, లోపలికి పోతే కీచుమంటుంది. పై పళ్లు మౌత్‌పీస్ మీద ఆనాలి. కింది పెదవి పళ్ల మీదికి కొద్దిగా మడవాలి. బిగువు పెదవి మూలల్లో ఉండాలి, దవడలో కాదు. సరిగ్గా ఉందో లేదో చూడటానికి మౌత్‌పీస్ ఒక్కటే ఊది, శ్రుతి కొలిచే ట్యూనర్ చూడండి. ఆల్టోకు 880 హెర్ట్జ్ దగ్గర, అంటే ఎ, రావాలి. అంతకన్నా పైకి పోతుంటే కొరుకుతున్నారన్నమాట.

తర్వాత రోజూ పది నిమిషాలు దీర్ఘ స్వరాలు. 60లో ఎనిమిది దెబ్బలు సన్నంగా మొదలుపెట్టి పెంచుతూ, మరో ఎనిమిది తగ్గిస్తూ ఊదాలి. ట్యూనర్ ముందుంటే ఒకటి కనిపిస్తుంది: గట్టిగా ఊదేకొద్దీ శ్రుతి దిగుతుంది, మెల్లగా ఊదితే ఎక్కుతుంది. ముల్లు కదలకుండా పెంచి తగ్గించడమే ఇక్కడ సాధన. నాలుక రీడ్ కొనను తాకి వదలాలి, అంతే. తుత్తుకారం, అంటే నాలుకతో స్వరాలను విడగొట్టడం, చేసేటప్పుడు ఊపిరి ఆగకూడదు. చాలామంది "తు" అనబోయి గొంతు మూసేస్తారు, అందుకే ప్రతి స్వరం మొదట్లో కుదుపు వస్తుంది.

హార్మోనిక్స్ సాధన, అంటే ఒకే పట్టు మీద పై స్వరాలు పలికించడం, మన సంగీతంవాళ్లకు భలే సులువుగా బుర్రకెక్కుతుంది. అన్నిటికన్నా కింది బి-ఫ్లాట్ పట్టండి. వేళ్లు కదపకుండా, గొంతూ నాలుకా ఆకారం మార్చుతూ ఊదితే అదే పట్టు మీద వరుసగా మంద్ర స, మధ్య స, ప, తార స, ఆపైన అంతర గాంధారం పలుకుతాయి. మొదట్లో మధ్య షడ్జమం దాటడమే కష్టం. పెదవి బిగించి పైకి పంపాలని చూడకండి. "ఆ" నుంచి "ఈ" కి పోతున్నట్టు నాలుక వెనకభాగం లేపండి. ఇది వచ్చాక తారస్థాయి వాయించడానికి కొరకాల్సిన పని ఉండదు.

ఇప్పుడు గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం. కద్రి గోపాల్‌నాథ్ గారు సాక్సోఫోన్‌ను కచేరీ వేదిక మీద నిలబెట్టారు. ఆయన తండ్రి నాగస్వర విద్వాంసుడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నాగస్వరానికి తెరిచిన రంధ్రాలుంటాయి, వేలు జార్చవచ్చు. సాక్సోఫోన్‌కు రంధ్రాలను మూసే ప్యాడ్లుంటాయి. వేళ్లతో మాత్రమే గమకం చేస్తే హార్మోనియంలా మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. ముందు జి నుంచి ఎ కి జారు పట్టండి: ఎడమ ఉంగరపు వేలిని టక్కున వదలకుండా, కీ సగం తెరుచుకున్న చోట కొద్దిసేపు ఆపి వదలండి. రెండోది, పైస్థాయి బి ఊదుతూ వేళ్లు కదపకుండా దవడ వదులు చేసి బి-ఫ్లాట్ దాకా దించండి. నిజం బి-ఫ్లాట్ వాయించి పోల్చుకోండి. పెదవితో స్వరాన్ని దించడం సులువు, పైకి తోయడం మాత్రం దాదాపు కుదరదు. అందుకే తోడి గాంధారాన్ని కింది నుంచి ఎక్కించే బదులు మధ్యమం వైపు నుంచి దించాలి. వేలూ దవడా కలిసి కదలాలి. మొదట నాలుగు దెబ్బలకు ఒక ఊపు చాలు.

ఇంత చేసినా మంద్ర స్వరాలు గరగరమంటుంటే మిమ్మల్ని మీరు తిట్టుకోకముందు వాయిద్యాన్ని అనుమానించండి. కింది ఎఫ్ ఊదుతూ ఎడమ చిటికెన వేలితో జి-షార్ప్ కీ నొక్కండి. నాదం మారకూడదు. మారితే ఆ ప్యాడ్ లీకవుతోంది. అది ఒక చిన్న స్క్రూ సవరింపుతో పోయే లోపమే, రిపేరు తెలిసినవాళ్ల చేత చేయించండి. తీపి టీ తాగి వెంటనే ఊదితే ప్యాడ్లు జిగురెక్కి అతుక్కుంటాయి, నోరు పుక్కిలించి కూర్చోండి. ఇప్పుడు అందరూ వాయిద్యాలు తీయండి. ఆ జి-షార్ప్ పరీక్ష ఒక్కొక్కరే చేద్దాం, ముందు వరుస నుంచి.