ఆవిరైన నీళ్ల ఖరీదు

అందరికీ నమస్కారం. డ్రైవర్ అన్నలు వస్తారని తెలుసు గానీ, వెనక వరుసలో నలుగురైదుగురు ఓనర్లు కూడా కనపడుతున్నారు. సంతోషం. కాస్త ముందుకి రండి, మిమ్మల్ని తిట్టడానికి పిలవలేదు.

నేను ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఇరవై రెండేళ్లు బుకింగ్ గుమస్తాగా చేశాను. లారీ రసీదులు రాసిందీ, సరుకు తూకం తగ్గిందని డ్రైవర్ల పేరు మీద షార్టేజీ కోతలు రాసిందీ ఈ చెయ్యే. అందుకని నేనేదో నీతులు చెప్పే మనిషినని అనుకోకండి.

గుంటూరు నుంచి కలకత్తాకి ఒక మిర్చి లోడు వెళ్లింది. పది చక్రాల బండి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తొక్కేటప్పుడు కాయ విరిగిపోకుండా నీళ్లు చల్లుతారు, మీకు తెలియంది కాదు. ఇక్కడ కాటా మీద మిర్చితో పాటు ఆ నీళ్లూ తూగాయి. మే నెల. టార్పాలిన్ కింద నాలుగు రోజులు ఉడికింది సరుకు. అక్కడ కాటా వేస్తే 130 కిలోలు తక్కువ. టిక్కీ ఒక్కటి తగ్గలేదు, ఒక్క కుట్టు ఊడలేదు. అయినా పార్టీ, అంటే సరుకు ఆసామి, మా ఆఫీసుకి ఇవ్వాల్సిన కిరాయి బాకీలో కోసుకున్నాడు. మా ఆఫీసు లారీ ఓనర్‌కి కోసింది. ఓనరు డ్రైవర్‌కి కోశాడు. కిలో వంద చొప్పున 13,000. ఆ మనిషి నెల జీతం 12,000. కాటా చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని వచ్చాడు. కౌంటర్ మీద పరిచి, "గుమస్తా గారూ, బస్తాల లెక్క సరిపోయింది కదండీ?" అన్నాడు. నా చేతుల్లో ఏముందయ్యా అన్నాను. ఇంకేం అంటాను? ఎవరో చల్లిన నీళ్లు ఎండకి ఆవిరైపోతే, ఆ ఖరీదు బండి తోలినవాడు కట్టాడు.

నిజానికి నా చేతుల్లో చట్టం ఉంది. అప్పట్లో చదవలేదు, అంతే. 1936 నాటి వేతన చెల్లింపుల చట్టం ఉద్యోగి జీతంలోంచి సరుకు నష్టం కోయొచ్చనే చెప్పేది. కానీ సరుకు అతని కాపలాకి స్పష్టంగా అప్పగించి ఉండాలి, నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. కోసే ముందు అతను చెప్పేది వినాలి. జరిగిన నష్టం కన్నా పైసా ఎక్కువ కోయకూడదు, రిజిస్టర్‌లో రాయాలి. అన్ని కోతలూ కలిపి ఆ నెల జీతంలో సగం దాటకూడదు. దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఇవే షరతులు ఉన్నాయి. నా ఇరవై రెండేళ్లలో ఒక్క డ్రైవర్‌ని కూర్చోబెట్టి "నువ్వేమంటావు?" అని అడిగిన ఓనర్‌ని నేను చూడలేదు.

ఇంకో సంగతి వింటే మీకు ఒళ్లు మండుతుంది. రోడ్డు రవాణా మీద 2007లో ఒక చట్టం చేశారు, 2011 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం సరుకు పోతే ట్రాన్స్‌పోర్టు కంపెనీ బాధ్యత కిరాయికి పదింతలు దాటదు. సరుకు విలువ ఎక్కువని పార్టీ ముందే రాసిచ్చి, దానికి తగ్గ చార్జీ కడితే తప్ప. అంటే 40,000 కిరాయి లోడుకి కంపెనీ మీద పడేది మహా అయితే నాలుగు లక్షలు. కంపెనీకి హద్దు గీశారు. డ్రైవర్‌కి? ఓనర్ ఖాతా పుస్తకంలో ఏ హద్దూ లేదు, తీరేదాకా కోస్తూనే ఉంటారు.

పైగా బీమా ఉంటుంది. హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే సరుక్కి సముద్రంతో పని లేకపోయినా దాన్ని 'మెరైన్' బీమా అనే అంటారు, అది వేరే తమాషా. పార్టీకి బీమా డబ్బు వచ్చాక కూడా డ్రైవర్ దగ్గర వసూలు ఆగని కేసులు నాకు తెలుసు.

ఓనర్ల గోడూ నాకు తెలుసు. ఒక్క బండి ఉన్నవాడు ఫైనాన్సు కిస్తీ కట్టలేక డ్రైవర్ కన్నా హీనంగా బతుకుతున్నాడు. అతని మీదికి పార్టీ నుంచి నష్టం దొర్లుకుంటూ వస్తుంది. కానీ లాభం వచ్చిన ట్రిప్పులో డ్రైవర్‌కి వాటా ఇవ్వనప్పుడు, నష్టం వచ్చిన ట్రిప్పులో వాటా ఎలా అడుగుతారు? పార్టీ కోత అన్యాయమైతే పోట్లాడాల్సింది పార్టీతో. డ్రైవర్ దగ్గరైతే సులువుగా వసూలవుతుందని కదా, అతని మీద పడేది?

దొంగలు లేరా అంటే ఉన్నారు. దారిలో బస్తాలు దించి అమ్ముకునేవాడు ఈ హాల్లో కూడా ఒకడు ఉండొచ్చు, నవ్వకండి. వాడి మీద పోలీసు కేసు పెట్టండి, నేనూ సాక్ష్యం చెప్తా. టార్పాలిన్ కట్టమంటే కట్టకుండా సరుకు తడిపినవాడి దగ్గర, విచారించి, చట్టం చెప్పినంత కోయండి. కానీ రెండు రాత్రులు నిద్ర లేకుండా తోలించి, మూడో రాత్రి బండి పల్టీ కొడితే అది ఎవరి నిర్లక్ష్యం? తెల్లారేసరికి దించాలి అని ఫోన్ మీద ఫోన్ చేసింది ఎవరు?

డ్రైవర్లకి నాలుగు మాటలు చెప్పి దిగిపోతా. ఉద్యోగంలో చేరేటప్పుడు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. లైసెన్సు ఓనర్ దగ్గర తాకట్టు పెట్టొద్దు. లోడయ్యాక టార్పాలిన్, తాళ్లు, సీలు నంబరు, కాటా చీటీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బస్తాలు మీరు లెక్కపెట్టకపోతే, "లెక్క చూడలేదు" అని రసీదు మీద రాయించండి. గుమస్తా విసుక్కుంటాడు, నేనూ విసుక్కునేవాణ్ణి, అయినా రాయించండి.

కోతల కాగితాలు ఎవరైనా తెచ్చి ఉంటే ఆ మూల బల్ల దగ్గరికి రండి. టీ తాగుతూ ఒక్కొక్కటే చూద్దాం.