తెర పట్టుకున్న చెయ్యి

అందరికీ నమస్కారం. టైమ్ తక్కువుంది కాబట్టి చాలా బొమ్మలు గబగబా చూపించను, ముఖ్యంగా ఒక బొమ్మ దగ్గరే ఆగుతాను.

ఇది "ఊయల". 1872లో ఫ్రెంచ్ పెయింటర్ బెర్త్ మోరిసో వేసింది, ఇప్పుడు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. 56 సెంటీమీటర్ల ఎత్తు, 46 వెడల్పు, అంతే. పాప నిద్రపోతోంది, అమ్మ ఒక చెయ్యి చెంపకి ఆనించుకుని చూస్తోంది, పాప కూడా అచ్చం అలాగే చెయ్యి మడిచి తల దగ్గర పెట్టుకుంది. ఇప్పుడు అమ్మ రెండో చెయ్యి చూడండి. దోమతెర లాంటి ఆ పల్చటి తెర అంచుని వేళ్ళతో పట్టుకుని మనకీ పాపకీ మధ్యకి లాగుతోంది. నాకు ఈ బొమ్మలో ప్రాణమంతా ఆ వేళ్ళలోనే కనిపిస్తుంది.

ఎందుకంటే ఆ అమ్మ ఎవరో కాదు, బెర్త్ సొంత అక్క ఎడ్మా, పాప ఆవిడ కూతురు బ్లాంష్. ఎడ్మా కూడా పెయింటరే! అప్పట్లో పారిస్ ప్రభుత్వ ఆర్ట్ స్కూల్లో ఆడవాళ్ళకి సీటే లేదు, 1897 దాకా లేదు, అందుకని అక్కచెల్లెళ్ళిద్దరూ ప్రైవేటుగానే నేర్చుకున్నారు, పేరున్న పెయింటర్ కోరో దగ్గర కూడా నేర్చుకున్నారు, 1864లో సలోన్‌లో, అంటే పారిస్‌లో జరిగే అధికారిక ఆర్ట్ ఎగ్జిబిషన్‌లో, ఇద్దరి బొమ్మలూ పెట్టారు. ఈజిల్ ముందు కుంచె పట్టుకున్న బెర్త్‌ని ఎడ్మా బొమ్మ వేసింది కూడా. 1869లో ఎడ్మాకి నేవీ ఆఫీసర్‌తో పెళ్ళయింది, కుంచె పక్కన పెట్టేసింది. మూడేళ్ళకి చెల్లెలు అక్కని వేస్తే ఆ చేతిలో తెర అంచు ఉంది. దీన్ని హాయైన అమ్మతనం బొమ్మ అని మాత్రమే చెప్పుకోవడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

1874లో ఇంప్రెషనిస్టులు అని పేరొచ్చిన కొత్త తరహా పెయింటర్ల మొదటి ఎగ్జిబిషన్‌లో ఈ "ఊయల" పెట్టారు, అమ్ముడుపోలేదు, ఇంట్లోవాళ్ళ దగ్గరే ఉండిపోయింది, చివరికి 1930లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం కొంది.

మరి బెర్త్ సంగతి? ఆవిడకీ పెళ్ళయింది, 1878లో కూతురు జూలీ పుట్టింది, అయినా బొమ్మలు ఆపలేదు. ఎలా కుదిరింది అంటే ఈ స్లైడ్ చూడండి, ఇది జూలీ పుట్టిన ఒకటి రెండేళ్ళలో వేసింది. తోటలో కూర్చుని జూలీకి పాలిస్తున్నావిడ తల్లి కాదు, జీతానికి పెట్టుకున్న దాది, పేరు ఆంజెల్. తల్లి ఎదురుగా కుంచె పట్టుకుని ఉంది. ఒకరిది పాలిచ్చే పని, ఒకరిది బొమ్మ వేసే పని, రెండూ ఒకే టైమ్‌లో జరుగుతున్నాయి. పెయింట్ ఎంత విసురుగా పూసిందంటే దాది మొహం సరిగ్గా ఆనదు, గడ్డీ బట్టలూ అన్నీ కలిసిపోయాయి.

ఆ రోజుల్లో మోర్వాన్ లాంటి పల్లె ప్రాంతాల నుంచి దాదులు పారిస్‌లో డబ్బున్న ఇళ్ళకి వచ్చేవాళ్ళు, చాలామంది తమ పసిబిడ్డని ఊళ్ళోనే వదిలేసి వచ్చేవాళ్ళు. ఆంజెల్‌కి పాలున్నాయంటే ఆవిడకీ ఒక బిడ్డ పుట్టే ఉండాలి కదండీ. ఆ బిడ్డ ఈ బొమ్మలో లేదు.