విశ్వాసం ఏ వైపు నుంచి తగ్గింది?

వేదిక మీది పెద్దలకు, సర్వీసు నుంచి దిగిపోయి ఏళ్లవుతున్నా మీటింగ్ అనగానే ముందు వరుసలో వచ్చి కూర్చునే మన బాయి (బొగ్గు గని) కార్మికులకు, హైదరాబాద్ నుంచి సెలవు పెట్టుకుని వచ్చిన పిల్లలకు నమస్కారం.

"మా కాలంలో ఒక్క కంపెనీని నమ్ముకుని బతికాం, ఇప్పటి పిల్లలు రెండేళ్లకో కొలువు మారుతున్నారు, వీళ్లకు నమ్మకం, నిలకడ లేవు." ఈ మాట మన ఇళ్లలో రోజూ వినబడుతుంది. నేను దీన్ని ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పడానికే ఈ సభకు వచ్చాను. దూరం పోకుండా మన సింగరేణి బొగ్గు కంపెనీ లెక్కల్లోంచే చెబుతాను.

2024 సెప్టెంబరులో లాభాల వాటా ప్రకటించారు. మొత్తం 796 కోట్లు. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు వచ్చింది. అదే ప్రకటనలో కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు అన్నారు. కంపెనీ చరిత్రలో కాంట్రాక్టు కార్మికుడికి వాటా ఇవ్వడం అదే మొదటిసారి, అందుకు సంతోషించాల్సిందే. కానీ ఒకే ఓపెన్ కాస్ట్‌లో (పై మట్టి తీసి తవ్వే గనిలో), ఒకే దుమ్ము పీలుస్తూ, ఒకే ఎండలో పని చేసిన ఇద్దరిలో ఒకరికి లక్షా 90 వేలు, ఇంకొకరికి 5 వేలు. ఆ రెండో మనిషిని పిలిచి, "కంపెనీ పట్ల నీకు విశ్వాసం ఉండాలి" అని చెప్పే ధైర్యం మనలో ఎవరికుంది?

పాత రోజుల్లో నమ్మకం ఎలా పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ పేరు పెట్టుకుంది కాబట్టే ఏటా అదే రోజు సింగరేణి డే జరుపుకుంటున్నాం. మనిషి ముందు బదిలీ వర్కర్‌గా, అంటే రాని వాళ్ల బదులు పని చేసేవాడిగా చేరేవాడు. పని దొరికిన రోజు మస్టర్ (హాజరు) పడేది, దొరకని రోజు తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి తిరిగొచ్చేవాడు. భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు నిండితేనే పర్మినెంట్ మాట ఎత్తేవారు. ఆ 190 కోసం జ్వరంతోనూ దిగినవాళ్లు ఈ ముందు వరుసలోనే ఉన్నారు. పర్మినెంట్ అయ్యాక క్వార్టర్, ఏరియా హాస్పిటల్, పిల్లలకు కంపెనీ బడి, సీఎంపీఎఫ్ (బొగ్గు గని కార్మికుల ప్రావిడెంట్ ఫండ్). సర్వీసులో మనిషి పోతే ఇంట్లో ఒకరికి కొలువు.

దిగిపోయే రోజు గ్రాట్యుటీ. ఈ లెక్కను పిల్లలు శ్రద్ధగా వినాలి. 1972 చట్టం ప్రకారం ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా లెక్క కట్టి ఇవ్వాల్సి ఉండేది. చివరి బేసిక్, డీఏ కలిపి 52 వేలు ఉందనుకోండి. ఏడాదికి 30 వేలు. ముప్పై ఏళ్లకు 9 లక్షలు. సర్వీసు పెరిగిన కొద్దీ ఈ మొత్తం పెరుగుతుంది. మధ్యలో వదిలేసి పోయేవాడు నష్టపోతాడు. ఉండిపోయినవాడికి ఉండిపోయినందుకు ఫలం దక్కే ఏర్పాటు అది. మన నాయనలు కంపెనీని నమ్మారంటే, కంపెనీ కూడా వాళ్లకు రాతపూర్వకంగా కట్టుబడి ఉంది.

ఆ రోజుల్ని బంగారు కాలమని పొగిడే ఉద్దేశం నాకు లేదు. పై కప్పు కూలి, నీళ్లు ముంచెత్తి పోయిన ప్రాణాలను మనం ఎన్నడూ మరవలేం. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ పనికి రానివ్వలేదు. 2019లో గాని ఆ అడ్డు తొలగలేదు. మొదటి షిఫ్టు మనిషికి సద్ది కట్టడానికి చీకటితోనే లేచి, రెండో షిఫ్టు మనిషి కోసం అర్ధరాత్రి దాకా మేలుకుని, వేళగాని వేళ సైరన్ కూస్తే చెప్పులు కూడా వేసుకోకుండా బాయి కాడికి ఉరికిన మన తల్లుల సర్వీసు ఏ రికార్డులోనూ లేదు. తండ్రి స్థానంలో కొడుక్కిచ్చే వారసత్వ కొలువులనూ కళ్లు మూసుకుని సమర్థించలేను. 2017లో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసినప్పుడు మనకు కోపం వచ్చింది. కానీ బొగ్గు కోసం భూమి ఇచ్చిన ఊళ్లోని పక్కింటి నిరుద్యోగికీ ఆ కొలువు మీద హక్కు ఉండాలి కదా. ఆ తర్వాత మెడికల్ అన్‌ఫిట్ అయిన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాలు వచ్చాయి. కొందరికి మేలు జరిగింది.

ఇంకో సంగతి. కంపెనీని అంతగా నమ్ముకున్న కార్మికులే అన్ని సమ్మెలు చేశారు. 1990ల మొదట్లో సింగరేణిలో ఏడాదికి వందల సమ్మెలు జరిగాయి. బయటి వాళ్లు దాన్ని విశ్వాసం లేకపోవడమన్నారు. నేను అట్లా అనుకోను. రేపు వెళ్లిపోయేవాడు పై కప్పుకు దిమ్మెలు సరిగా కట్టలేదని ఎందుకు కొట్లాడతాడు? ముప్పై ఏళ్లు ఇక్కడే ఉండాలి, కొడుకు కూడా ఇదే బాయిలో దిగొచ్చు అనుకున్నవాడు కొట్లాడతాడు. ఇప్పటి పిల్లలు ఆఫీసులో అన్యాయం జరిగితే నోరెత్తరు, ఇంకో కంపెనీకి అప్లై చేస్తారు. ఆ మౌనమే నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

1992లో, మళ్లీ 1996లో కంపెనీ ఖాయిలా పడి, అలాంటి కంపెనీల సంగతి తేల్చే బీఐఎఫ్ఆర్ బోర్డు దాకా పోయింది. కోలుకుంది. కానీ కోలుకున్న తీరు మన బతుకుల్ని మార్చేసింది. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు నలభై వేల చిల్లర. అప్పట్లో ఏడాదికి రెండు కోట్ల టన్నులకు అటూ ఇటూగా ఉన్న బొగ్గు 2023-24లో ఏడు కోట్ల టన్నులకు చేరింది. ఓపెన్ కాస్ట్‌లు, పెద్ద యంత్రాలు కొంత కారణం. మట్టి తీసే పని చాలావరకు బయటి కాంట్రాక్టర్ల చేతికి పోవడం ఇంకో కారణం. పని పోలేదు. పని చేసేవాడి పేరు కంపెనీ రోల్ నుంచి పోయింది.

పేరు పోతే ఏమవుతుంది? మూడేళ్ల టెండర్ అయిపోతుంది, కొత్త కాంట్రాక్టర్ వస్తాడు. అదే మనిషి, అదే పార, అదే గేటు. కానీ గేట్ పాస్ మీద కాంట్రాక్టర్ పేరు కొత్తది, కాబట్టి సర్వీసు మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు కావాలన్న రోజుల్లో, పదిహేనేళ్లు పని చేసిన మనిషికి కాగితం మీద ఐదేళ్లు నిండనే లేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలానికి తీసుకున్న) ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ అంటోంది. మంచిదే. కానీ కాంట్రాక్టర్ కింద పని చేసేవాళ్లంతా ఆ లెక్కలోకి రారు. అంతకుముందు 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం ఉందిగా అనేవారు. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన కార్మికుడు తనంతట తానే పర్మినెంట్ అయిపోడని 2001లో సుప్రీంకోర్టు సర్కారు ఉక్కు కంపెనీ సెయిల్ కేసులో తేల్చేసింది. 2022 సెప్టెంబరులో మన కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగింది ఆ దారి మూసుకుపోయాకే.

ఇప్పుడు హైదరాబాద్ సంగతి. కరోనా తర్వాత సాఫ్ట్‌వేర్ కొలువులు పొంగిన ఏడాది, 2022 మార్చి నాటికి ఇన్ఫోసిస్‌లో నూటికి దాదాపు 28 మంది ఏడాదిలో మానేసినట్టు ఆ కంపెనీయే ప్రకటించింది. పేపర్లన్నీ పిల్లల్ని తిట్టాయి. మూడేళ్లు గడిచాయి. టాటా వాళ్ల కొలువంటే సర్కారు కొలువుతో సమానమని మనమంతా అనుకునే టీసీఎస్ 2025 జులైలో 12 వేల పైచిలుకు మందిని తగ్గించుకుంటామని చెప్పింది. అందులో ఎక్కువ మంది మధ్య, పై స్థాయిల్లో ఉన్నవాళ్లు. అప్పుడు కంపెనీ విశ్వాసం గురించి సంపాదకీయాలు నాకు పెద్దగా కనబడలేదు.

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి తన ఆఫర్ లెటర్ తెచ్చి చూపించాడు. వాడు మానేయాలంటే 90 రోజుల నోటీసు ఇవ్వాలి, లేదంటే రిలీవింగ్ లెటర్ ఆపేస్తారు. కంపెనీ తీసేయాలనుకుంటే మాత్రం బేసిక్ జీతం చేతిలో పెట్టి ఆ సాయంత్రమే పంపించవచ్చు. ఆ కాగితం చదివాక వాడు కొలువులు మారుతున్నాడని నేనెలా తప్పుపట్టను? వాళ్ల నాన్న ఇదే కొత్తగూడెంలో ముప్పై రెండేళ్లు పని చేసి దిగిపోయాడు. ఇద్దరి స్వభావం ఒక్కటే. ఇద్దరి చేతికొచ్చిన కాగితాలే వేరు.

అందుకే ముందు వరుసలోని పెద్దలకు నా మనవి. మీ పిల్లల్ని నిలకడ లేనివాళ్లని అనకండి. మీకు దక్కిన ఏర్పాటు వాళ్లకు దక్కలేదు. దాన్ని మీరు పోరాడి తెచ్చుకున్నారు, అదెలా తేవాలో మీకు తెలుసు. కొత్తగా సాధించాల్సింది ఒకటి ఉంది. కాంట్రాక్టర్ మారినా కార్మికుడి సర్వీసు తెగకూడదు, పాత ఏళ్లు కొత్త కాంట్రాక్టర్ ఖాతాలోకి రావాలి అన్న షరతు టెండర్ కాగితంలోనే రాయించాలి. దీనికి కోర్టు తీర్పు అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. టెండర్ పిలిచేది మన కంపెనీయే, షరతులు రాసేదీ మన కంపెనీయే. వచ్చే నెలలో జీఎం ఆఫీసుకు ఇచ్చే వినతిపత్రంలో ఈ డిమాండ్ మొదట ఉండాలని నా ప్రతిపాదన. దాని మీద పర్మినెంట్ కార్మికుల సంతకాలు ముందు పడాలి. కాంట్రాక్టు తమ్ముళ్లు సంతకం పెడితే గేట్ పాస్ పోతుందన్న భయం వాళ్లకుంది, మీకు లేదు.