ఇంట్లోనా, ఆశ్రమంలోనా? అంతకన్నా ముందు అడగవలసినది

(తెరపై: వీడియో కాల్, మూడు గడుల్లో మూడు ముఖాలు)

కాకినాడలో అమ్మ, హైదరాబాదులో కొడుకు, డాలస్‌లో కూతురు. ఆదివారం సాయంత్రం. స్నానాల గదిలో కాలు జారిందని అమ్మ నవ్వుతూనే చెప్పింది. కాల్ ముగిసిన అయిదు నిమిషాలకు అన్నాచెల్లెళ్ళు మళ్ళీ మాట్లాడుకున్నారు, ఈసారి అమ్మ లేకుండా.

"ఎవరినైనా మనిషిని పెడదామా, మంచి హోమ్ చూద్దామా?"

మీ ఇంట్లోనూ ఈ మాట వచ్చి ఉండవచ్చు. దానికన్నా ముందు తేల్చుకోవలసినది వేరే ఉంది. అమ్మ ఏ పనులు తానే చేసుకోగలదు, ఏవి చేసుకోలేదు?

(తెరపై: చేతిరాతతో ఆరు పనుల జాబితా)

అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ఒక కొలమానం ప్రచురించింది. ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో ఆరే పనులు: స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళి రావడం, మంచం మీంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాలను ఆపుకోవడం, అన్నం తినడం. మామూలుగా మొదట చేజారేది స్నానం. చివరిదాకా మిగిలేది తినడం. అందుకే స్నానాల గదిలో కాలు జారడాన్ని చిన్న సంగతిగా కొట్టిపారేయకూడదు. అలాగని, ఆ ఒక్కదానికే ఆశ్రమాల ఫోటోలు వెతకడం కూడా తొందరపాటే. పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ, జారని చాప, రాత్రంతా వెలిగే చిన్న దీపం. చాలా ఇళ్ళలో ఇవే లేవు.

మరికొన్ని పనులున్నాయి: వంట, మందులు వేళకు వేసుకోవడం, బ్యాంకు పని, ఫోను, సరుకులు. ఇవి మాత్రమే తప్పుతూ ఆ ఆరూ బాగుంటే వంటమనిషి, రోజులవారీ గడులున్న మందుల డబ్బా, పొద్దునా సాయంత్రం తలుపు తట్టే పక్కింటివాళ్ళు చాలవచ్చు. ఆరింటిలో రెండు మూడు తప్పుతున్నాయంటే మనిషి కావాలి. రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తున్నారో కూడా అడగండి. పగటి మనిషి చాలునా, ఇరవై నాలుగు గంటలూ కావాలా అన్నది అక్కడే తేలుతుంది.

(తెరపై: ఇంటి గుమ్మం, చేతిసంచితో లోపలికి వస్తున్న అటెండెంటు)

ఏజెన్సీకి ఫోను చేస్తే "నర్సును పంపిస్తాం" అంటారు. వచ్చినవారు నర్సేనా, అటెండెంటా? అటెండెంటు స్నానం చేయిస్తారు, తినిపిస్తారు, పక్క మారుస్తారు. ముక్కులోంచి వేసిన గొట్టం, మూత్రపు గొట్టం, ఇంజెక్షను లాంటివి శిక్షణ పొందిన నర్సు చూడవలసినవి. ఈ తేడా తెలియక ఎక్కువ డబ్బు కట్టేవాళ్ళున్నారు, తక్కువ కట్టి ప్రమాదం కొనితెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. మనిషి సెలవు పెట్టిన రోజు ఎవరు వస్తారో కాగితం మీద రాయించుకోండి. అమెరికాలో ఉన్న బిడ్డకు అర్ధరాత్రి ఫోను వచ్చేది తరచుగా ఆ రోజే.

ఇల్లు దాటితే, సీనియర్ లివింగ్ పేరుతో వచ్చే అపార్టుమెంట్లు నడవగలిగినవాళ్ళకు, తోడు కోరుకునేవాళ్ళకు బాగుంటాయి. అక్కడ కొనేముందు అడగవలసినది ఈతకొలను గురించి కాదు: "మంచాన పడితే ఇక్కడే చూస్తారా, తీసుకెళ్ళమంటారా?" వృద్ధాశ్రమాల్లో ఉచితంగా చూసేవీ ఉన్నాయి, డబ్బు తీసుకునేవీ ఉన్నాయి. తమ పని తాము చేసుకునేవారినే చేర్చుకునేవి వాటిలో తక్కువేమీ కాదు. మతిమరుపు జబ్బు ముదిరినవారికి, మంచం దిగలేనివారికి నర్సులుండే కేంద్రం వేరుగా వెతకాలి. ఏదైనా సరే, చెప్పకుండా రాత్రి భోజనాల వేళకు వెళ్ళండి. విస్తట్లో ఏముంది, తినలేనివారి పక్కన ఎవరైనా కూర్చున్నారా, మూత్రం వాసన వస్తోందా. కరపత్రంలో ఇవి ఉండవు. ఇంకొకటి, అమ్మను కూడా తీసుకెళ్ళండి. ఉండబోయేది ఆవిడే కదా.

(తెరపై: ఆసుపత్రి బిల్లు, పక్కనే నెల జీతం కవరు)

ఇక డబ్బు. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం ఉంది. అయితే అది ఆసుపత్రిలో చేరితేనే. అటెండెంటు జీతం అందులోకి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. పక్షవాతం లాంటి వాటితో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. అర్హత ఉండి కూడా మామూలు పింఛనుతోనే సరిపెట్టుకుంటున్నారేమో ఒకసారి మీ గ్రామ, వార్డు సచివాలయంలో కనుక్కోండి.

(తెరపై: దస్తావేజు మీద వేలిముద్ర)

ఇల్లు రాసివ్వడం గురించి కొంచెం నిదానంగా చెబుతాను. "నీ పేరున పెట్టేస్తే నేను చూసుకోనా అమ్మా" అన్న మాటకు కరిగిపోయి సంతకం చేసేవాళ్ళు ఎందరో. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ వారికి అండగా ఉంది. కనీస అవసరాలు చూడాలన్న షరతుతో ఆస్తి ఇచ్చి, అవతలివారు చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. పెద్దల రక్షణే ఈ చట్టం ఉద్దేశమని గుర్తుంచుకుని, దీన్ని ఉదారంగా చదవాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా నా సలహా, షరతును దస్తావేజులోనే రాయించండి. నోటిమాటగా ఉంటే దాన్ని రుజువు చేయడానికే ఏళ్ళు పోతాయి.

ఇదే చట్టం కింద పోషణ ఇవ్వని పిల్లల మీద ఆర్డీవో నడిపే ట్రైబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. ప్లీడరు అక్కర్లేదు. చట్టం పెట్టిన పరిమితి నెలకు 10,000 రూపాయలు, నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి. పిల్లలు లేనివారు, తమ ఆస్తికి వారసులయ్యే బంధువు మీద అడగవచ్చు. కేసంటే మొహమాటపడే అమ్మలకు ఫోను కాలే మొదటి మెట్టు: 14567, పెద్దవాళ్ళ కోసం పెట్టిన హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్. 2017లో హైదరాబాదులో మొదలై ఇప్పుడు దేశమంతా పనిచేస్తోంది, కాల్ ఉచితం. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు.

(తెరపై: అంకెలు ఒక్కొక్కటిగా)

ఒకటి, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి అమ్మ మందుల డబ్బా మూతకు అంటించండి.